బళ్ళారి కొండ మీద ఎద్దుల బొమ్మలు: రాతి చెక్కడాల వయసు ఎలా తేలుస్తారు?

ఏ గుట్ట మీదైనా రాతిపై నాలుగు గీతలు కనబడ్డాయంటే చాలు, రెండు రోజుల్లో వాట్సాప్‌లో అవి "పదివేల ఏళ్ల నాటి చెక్కడాలు" అయిపోతాయి. ఆ అంకె ఎవరు కట్టారు, ఎలా కట్టారు అని అడిగితే మాత్రం జవాబుండదు. పురావస్తు శాస్త్రంలో మొండి చిక్కుల్లో ఇదొకటి. రాయి వయసు ప్రయోగశాలలో తేలుతుంది. ఆ రాతి మీద ఎవరో చెక్కిన గీత వయసు అంత సులువుగా తేలదు. తేదీ కోసం బొమ్మను ఎంతసేపు చూసినా లాభం తక్కువ. ముందు ఆ రాయేమిటో, దాని చుట్టూ ఏముందో చూడాలి.

ఇది అర్థం కావడానికి ఒక్క కొండను పట్టుకుని చూద్దాం. బళ్ళారి పక్కన సంగనకల్లు, కుప్పగల్లు అని రెండు ఊళ్లున్నాయి. ఆ చుట్టుపక్కల గుట్టల్లో పెద్దది హిరేగుడ్డ, అంటే పెద్దకొండ. 1953 అక్టోబరు 1 వరకు బళ్ళారి మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది. ఆ రోజు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి, బళ్ళారి మైసూరుకు వెళ్లింది. మనుషులు గీసుకున్న సరిహద్దు అది. రాళ్ల లెక్కలో ఈ కొండా, మన అనంతపురం, కర్నూలు గుట్టలూ ఒకే కుదురు. కాబట్టి ఇక్కడ నేర్చుకున్నది అక్కడా పనికొస్తుంది.

గ్రానైట్ గుట్ట మధ్యలో నల్లటి చీలిక

రాయలసీమ, తెలంగాణల్లో కనిపించే గుండ్లు చాలావరకు గ్రానైటే. గులాబీ రంగు ఫెల్డ్‌స్పార్, గాజు మెరుపున్న క్వార్ట్జ్, నల్లగా తళుక్కుమనే అభ్రకం, మూడూ కంటికి విడివిడిగా కనబడతాయి. కిలోమీటర్ల లోతున కరిగిన రాయి చాలా నిదానంగా చల్లారితేనే గింజలు అంత పెద్దవవుతాయి. ఈ ప్రాంతపు గ్రానైట్లలో ఎక్కువ భాగం సుమారు 250 కోట్ల ఏళ్ల నాటివి.

ఆ తర్వాత నేల సాగి బీటలు పడ్డప్పుడు, ఇనుమూ మెగ్నీషియమూ ఎక్కువగా ఉన్న ద్రవశిల కింది నుంచి ఆ బీటల్లోకి తోసుకొచ్చి గడ్డకట్టింది. పాత రాతిని అడ్డంగా కోసుకుంటూ నిలబడ్డ ఇలాంటి కొత్త రాతిని డైక్ అంటారు. అందులోది డోలరైట్. బీట ఇరుకు కాబట్టి త్వరగా చల్లారుతుంది, గింజలు సన్నగా ఒకదానిలో ఒకటి బిగిసిపోతాయి. దక్షిణ భారతంలో ఇలాంటి డైకులు వందల్లో ఉన్నాయి. దక్షిణ భారతపు పాత రాతి పునాదిలో ధార్వార్ అనే భాగంలోని ఒక పెద్ద డైకుల గుంపు సుమారు 237 కోట్ల ఏళ్ల నాటిదని తేల్చారు. హిరేగుడ్డ శిఖరం వెంబడి సాగేది అలాంటి డోలరైట్ డైకే. పగిలి, విడిపోయి, నల్లటి బండలుగా వాలు మీదికి జారి ఉంది. చుట్టూ లేత రంగు గ్రానైట్ ఉండటంతో దూరం నుంచి కూడా ఆ నల్లచార కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

చెక్కడాలన్నీ దాదాపుగా ఆ నల్లబండల మీదే ఉన్నాయి. పక్కనే కావలసినంత గ్రానైట్ ఉండగా దీన్నే ఎందుకు ఎంచుకున్నారు?

ఒక కారణం రంగు. డోలరైట్‌లోని ఇనుము గాలికీ తడికీ తుప్పు పట్టి, పైన ముదురు గోధుమ లేదా నలుపు పొర కడుతుంది. దాన్నే పాటినా అంటున్నారు. గట్టి రాయి పట్టుకుని టకటకా పొడిస్తే ఆ పొర లేచిపోయి లోపలి లేత బూడిదరంగు బయటపడుతుంది. లోతుగా చెక్కే పనే లేదు, ఒకటి రెండు మిల్లీమీటర్లు లేపినా బొమ్మ తెల్లగా కనబడుతుంది. అదే పని గ్రానైట్ మీద చేస్తే పైనా లోపలా రంగులో పెద్ద తేడా ఉండదు, గింజలు పెద్దవి కాబట్టి గీత కూడా తిన్నగా రాదు.

రెండో కారణం మన్నిక. గ్రానైట్ బండ ఎండకూ వానకూ ఉల్లిపొరల్లా విడిపోతుంది. పొర ఊడితే దాని మీద బొమ్మ ఉన్నా పోతుంది. ఇక్కడొక మెలిక ఉంది. అప్పటివాళ్లు గ్రానైట్ మీద అసలు చెక్కనేలేదా, చెక్కినవి మిగల్లేదా? డోలరైట్ మీద మాత్రమే కనబడుతున్నాయి కాబట్టి డోలరైట్ మీద మాత్రమే చెక్కారనడం తొందరపాటే. మిగిలినవే మనకు కనబడతాయి.

గొడ్డళ్లు చేసిన రాయే ఇది కూడా

1872లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త సంగనకల్లు దగ్గర రాతి పనిముట్లను గుర్తించాడు. చెక్కడాల గురించి ఫాసెట్ అనే అతను 1892లో రాశాడు. బి. సుబ్బారావు 1940ల్లో పక్కనున్న సన్నరాచమ్మ గుట్ట మీద తవ్వకాలు జరిపారు. ఆ తర్వాత చాలా ఏళ్లకు, కర్ణాటక విశ్వవిద్యాలయానికి చెందిన రవి కోరిశెట్టర్, విదేశీ పరిశోధకులు కలిసి ఈ గుట్టలన్నిటినీ మళ్లీ వెతికారు.

వీళ్లంతా కలిపి తేల్చింది ఇది. నవీన శిలాయుగంలో, అంటే రాతిని నూరి నునుపు చేసి పనిముట్లు చేసుకుంటూ, పశువుల్ని పెంచుతూ, పంట వేయడం మొదలుపెట్టిన కాలంలో, ఈ కొండల మీద మనుషులు కాపురం ఉన్నారు. కాలిన గింజలను రేడియోకార్బన్‌తో, అంటే ఒకప్పుడు ప్రాణమున్న వాటిలో మిగిలిన కార్బన్‌ను కొలిచే పద్ధతితో, లెక్కిస్తే ఆ కాపురాలు స్థూలంగా క్రీ.పూ. 1900–1200 మధ్యకు వస్తాయి. ఆ గింజల్లో అండుకొర్రలున్నాయి, ఉలవలున్నాయి, పెసలున్నాయి. హిరేగుడ్డ మీద డోలరైట్ గొడ్డళ్లు తయారుచేసిన చోటు కూడా దొరికింది. సగం చెక్కి వదిలేసినవి, విరిగిపోయినవి, రాతి పెచ్చులు కుప్పలుగా పడి ఉన్నాయి.

కుప్పగల్లు దగ్గరే బూడిద దిబ్బ కూడా ఉంది. అనంతపురం జిల్లా పాలవాయిలో, పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో ఉన్నవీ ఇదే జాతివి. ఇవేమిటన్నది తేలడానికి వందేళ్లకు పైనే పట్టింది. అగ్నిపర్వతపు బూడిద అన్నారు, ఇనుము కరిగించిన చిట్టెం అన్నారు. హంపి దగ్గర నింబాపురం దిబ్బను వాలిని దహనం చేసిన చోటని ఇప్పటికీ చెప్పుకుంటారు. అది పశువుల పేడ కాలిన బూడిద అన్న మాట ఫుట్ ముందే అన్నాడు. జ్యూనర్ అనే శాస్త్రవేత్త చేసిన ప్రయోగశాల పరీక్షలు 1960 ప్రాంతంలో దాన్ని బలపరిచాయి. ఉట్నూరు తవ్వకంలో ఆల్చిన్ అనే పురావస్తు శాస్త్రవేత్తకు పశువుల దొడ్డి కంచె గుంటలు, గిట్టల గుర్తులు కూడా దొరికాయి. అంటే ఇక్కడి మనుషుల బతుకంతా పశువుల చుట్టూ తిరిగింది. కొండ మీద ఎక్కువగా కనబడే బొమ్మ కూడా మూపురం, పొడుగు కొమ్ములు ఉన్న ఎద్దే.

గుంట కనబడ్డ ప్రతిచోటా మనిషి చెయ్యి లేదు

చెక్కడం అని పొరపడే వాటిలో మొదటివి గుంటలు. గ్రానైట్ మీద వాననీరు నిలిచి, ఫెల్డ్‌స్పార్ మెత్తబడి, కొన్ని వేల ఏళ్లకు గుండ్రటి గుంట తయారవుతుంది. అది ఎప్పుడూ పైకి చూసే బల్లపరుపు బండ మీదే ఉంటుంది. అడుగు చదునుగా, అంచు కొన్నిసార్లు లోపలికి తొలిచినట్టు ఉంటుంది. మనిషి పొడిచిన చిన్నగుంట, కప్యూల్, అలా కాదు. సాధారణంగా అరచేతిలో ఇమిడేంత ఉంటుంది, గిన్నె అడుగులా వంపు తిరిగి ఉంటుంది, నిలువు ముఖం మీద కూడా కనబడుతుంది. నీరు నిలవని నిలువు బండ మీద గుంటలు వరసగా ఉంటే వాన పని అనడం కష్టం.

మూడో రకం కోలగా, అద్దంలా నునుపు తేలి ఉంటుంది. గింజలు నూరిన చోటో, గొడ్డలి సానపట్టిన చోటో అయ్యుంటుంది. నాలుగు పలకల చిన్న రంధ్రాలు ఒకే గీత మీద సమదూరంలో ఉంటే అది బండను చీల్చడానికి మేకులు దిగ్గొట్టిన ఆనవాలు. హంపిలో ఎటు చూసినా ఇవే. ఇవి కాక పులిజూదం గళ్లు, పాదాల గుర్తులు, ఆంజనేయస్వామి రూపాలు ఉంటాయి. ఇవి ఎక్కువగా చారిత్రక కాలానివి, కొన్ని నిన్నమొన్నటివి. ఒకే బండ మీద ఇవన్నీ కలిసి ఉండొచ్చు. అందుకే "ఈ చెక్కడాలు ఏ కాలానివి?" అన్న ప్రశ్నకు ఒక్క జవాబు ఉండదు. ఒక్కో గీతకు ఒక్కో జవాబు.

రంగు ముదిరితే పాతది, కానీ ఎంత పాతది?

చెక్కిన క్షణం నుంచే ఆ లేత గీత మళ్లీ తుప్పు పట్టడం మొదలవుతుంది. పాతబడే కొద్దీ ముదిరి, చివరికి బండ రంగులో కలిసిపోతుంది. కాలాన్ని అంచనా కట్టడంలో అందరూ మొదట వాడే ఆధారం ఇదే.

ఒక బండను ఊహించుకుందాం. దాని మీద ఎద్దు ఉంది, గోధుమరంగుకు తిరిగి, ఏటవాలు ఎండలో తప్ప సరిగ్గా కనబడదు. ఎద్దు వీపును కోసుకుంటూ గుర్రపు రౌతు ఉన్నాడు, కాస్త లేతగా. వాళ్లిద్దరి మీదా ఎవరో కుర్రాడి పేరు, బాణం గుచ్చిన గుండె, తెల్లగా మెరుస్తూ. రౌతు గీత ఎద్దు గీతను కోస్తోంది కాబట్టి రౌతు తర్వాతివాడు. ఇందులో వాదనకు తావు లేదు. గుర్రపు స్వారీ దక్షిణాదిలో ఇనుప యుగంతో, ఆ తర్వాతి కాలాలతో ముడిపడింది కాబట్టి రౌతుకు ఒక పై హద్దు దొరికింది, అంతకన్నా పాతవాడు కాడు. ఎద్దు అతనికన్నా ముందుది. పక్కన గుట్ట మీద నవీన శిలాయుగపు ఊరుంది, ఊరి తర్వాత ఎక్కువకాలం అక్కడ ఎవరూ కాపురం లేరు. ఇవన్నీ కలిపి చూస్తే ఎద్దు నవీన శిలాయుగానిది అన్న మాట బలంగా నిలబడుతుంది.

బలంగా నిలబడటం వేరు, రుజువవడం వేరు. పాటినా అన్నిచోట్లా ఒకే వేగంతో పట్టదు. వాననీరు జారే ముఖం త్వరగా నల్లబడుతుంది. పైకప్పులాంటి బండ కింద ఉన్న గీత వేల ఏళ్లు గడిచినా లేతగానే ఉండొచ్చు. ఎండుగడ్డి తగలబడితే రంగు మారుతుంది, జనం చేతులు పదేపదే తగిలితే మారుతుంది. ఒకే మనిషి ఒకే రోజు రెండు బండల మీద చెక్కిన రెండు ఎద్దులు ఈనాడు మనకు వెయ్యేళ్ల తేడాతో కనబడవచ్చు. కాబట్టి ఒకే ముఖం మీద, పక్కపక్కన ఉన్న గీతల్ని పోల్చినప్పుడే రంగు మాట నమ్మాలి. ఈ కొండ రంగును ఇంకో జిల్లా కొండ రంగుతో పోల్చి వయసు చెప్పేవాళ్లను నమ్మక్కర్లేదని నా ఉద్దేశం.

పాత బొమ్మను ఎవరైనా మళ్లీ పొడిచి దిద్దితే ఇంకో తలనొప్పి. బొమ్మ పాతది, గీత కొత్తది. సుద్దముక్కతో గీతల వెంట దిద్ది ఫోటో తీసుకోవడం కూడా ఈ జాబితాలోనిదే. ఫోటో బాగా వస్తుంది, కానీ పాటినాను కొలవాల్సిన చోట సుద్ద పొడి చేరుతుంది. పైగా దిద్దినవాడికి కనబడిన బొమ్మే అందరికీ కనబడుతుంది.

యంత్రాలతో తేల్చలేమా?

రంగులద్దిన చిత్రమైతే ఆ రంగులో బొగ్గో, జిగురో ఉంటే రేడియోకార్బన్‌కు ఏదో ఒకటి దొరుకుతుంది. చెక్కడంలో పదార్థం చేర్చలేదు, తీసేశారు. కొలవడానికి ఏమీ మిగల్లేదు.

ఆ పైన పట్టే పూతను కొలవాలని 1980ల్లో ఒక ప్రయత్నం జరిగింది. పూతలోంచి పొటాషియం, కాల్షియం నీటికి త్వరగా కొట్టుకుపోతాయి, టైటానియం నిలిచి ఉంటుంది, కాబట్టి వాటి నిష్పత్తిని బట్టి వయసు చెప్పొచ్చన్నారు. కొన్నాళ్లు బాగా నడిచింది. తర్వాత ఆ నిష్పత్తి కాలంతో పాటు ఇంకా చాలా కారణాల వల్ల మారుతుందని తేలి నమ్మకం సడలింది. ఇంకో పద్ధతిలో, దెబ్బకు విరిగిన స్ఫటికాల పదునైన అంచులు ఎంత మొద్దుబారాయో మైక్రోస్కోప్‌లో కొలుస్తారు. దానికి క్వార్ట్జ్ అనుకూలం. డోలరైట్‌లో క్వార్ట్జ్ దాదాపు ఉండదు. పైగా మొద్దుబారే వేగం తెలియాలంటే అదే వాతావరణంలో తేదీ తెలిసిన శాసనమో, కట్టడమో కావాలి.

అన్నిటికన్నా గట్టి ఆధారం మట్టి. చెక్కిన బండ ముక్క విరిగి, పొరల్లో కూరుకుపోతే, ఆ పొర కన్నా చెక్కడం పాతదే అవుతుంది. మధ్యప్రదేశ్‌లోని దారకీ చట్టాన్ గుహలో ఐదు వందలకు పైగా కప్యూల్స్ ఉన్నాయి. అక్కడ గిరిరాజ్ కుమార్ బృందం తవ్వినప్పుడు కప్యూల్స్ ఉన్న పలకలు పాత శిలాయుగపు పనిముట్ల పొరల్లో దొరికాయి. కాబట్టి ఇవి లక్షల ఏళ్ల నాటివని వాళ్లు అంటారు. పలకలు పై నుంచి తర్వాతి కాలంలో కిందికి జారలేదని గ్యారంటీ ఏమిటని, పొరల తేదీలే గట్టివి కావని మిగతావాళ్లు అడుగుతారు. ఆ చర్చ ఇంకా సాగుతూనే ఉంది.

కొంకణ్‌లోది మరో రకం చిక్కు. రత్నగిరి, సింధుదుర్గ్ జిల్లాల ఎర్రటి లాటరైట్ పీఠభూముల మీద, నేల మీదే పెద్దపెద్ద జంతువుల బొమ్మలున్నాయి. 2022లో అవి యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకెక్కాయి. ఇప్పుడు కొంకణ్‌లో లేని ఖడ్గమృగం అక్కడ కనబడుతుంది. కాబట్టి ఆ జంతువు తిరిగిన కాలానివే అని ఒక వాదం. చూసొచ్చినవాళ్లు చెప్పగా, గుర్తుపెట్టుకుని గీసి ఉండకూడదా అన్నది దానికి ఎదురు ప్రశ్న. బళ్ళారిలో పక్కనే ఊరు దొరికినట్టు కొంకణ్ పీఠభూముల మీద ఊళ్లు దొరకకపోవడమే అక్కడి అసలు సమస్య.

మోగే బండలు

హిరేగుడ్డ డైక్‌లో కొన్ని బండలను గ్రానైట్ రాయితో కొడితే గంట మోగినట్టు ఖంగుమంటాయి. ఆ బండల మీద దెబ్బలు తగిలి తగిలి ఏర్పడ్డ గుంటలున్నాయి. అప్పట్లో కేంబ్రిడ్జ్‌లో ఉన్న పురావస్తు పరిశోధకురాలు నికోల్ బోయివిన్ 2004లో దీని గురించి రాస్తూ, బొమ్మలు చెక్కడం, బండలు మోగించడం ఒకే తంతులో భాగాలై ఉండొచ్చని వాదించారు. కొన్ని బొమ్మలు మామూలుగా చెయ్యి అందని చోట, ప్రాణాలకు తెగించి వేలాడితే తప్ప చెక్కలేని చోట ఉండటాన్ని కూడా ఆమె ఎత్తిచూపారు.

మోగడంలో మాయ లేదు. సన్నటి గింజలు బిగిసిన రాతిలో కంపనం ఎక్కువసేపు నిలుస్తుంది. బండ రెండు మూడు చోట్ల మాత్రమే కింది రాళ్లకు ఆని, మిగతాదంతా గాలిలో ఉండాలి. సగం మట్టిలో కూరుకుపోయిన బండను కొడితే అదే రాయైనా దబ్బుమంటుంది. అమెరికాలో పెన్సిల్వేనియాలోని మోగే రాళ్ల పార్కులో ఉన్నదీ ఈ జాతి రాయే.

మరి ఆ గుంటలు మోగించినందువల్లే పడ్డాయని ఎలా అంటాం? ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలు కేవలం ఉదాహరణకు. అరవై బండల్లో పదిహేను మోగుతాయి, పదింటి మీద గుంటలున్నాయి అనుకుందాం. రెంటికీ సంబంధమే లేకపోతే, గుంటలున్న పదింటిలో మోగేవి రెండో మూడో ఉండాలి. ఎనిమిది ఉంటే అది కాకతాళీయం కాదు. అంతటితో కూడా తేలదు. మోగే బండలు ఎత్తులో, ఒకదాని మీద ఒకటి ఆని ఉంటాయి, మనుషులు ఎక్కి కూర్చోవడానికి ఇష్టపడేవీ అవే. కూర్చున్నచోట ఊరికే కొట్టి ఉండొచ్చు. గుంటలో పాటినా ముదిరి ఉంటే పాత దెబ్బలని చెప్పగలం. సంగీతమా, పూజా, పశువుల్ని పిలవడమా, కాలక్షేపమా అన్నది గుంట చెప్పదు.

ఎందుకు చెక్కారన్న దానిపై వాదనలు

తంతు అనేవాళ్లకు బలం చేకూర్చేవి ఆ అందని చోట్లు, మోగే బండలు, స్త్రీ పురుష సంగమాన్ని చూపే బొమ్మలు. పశువులు కాసేవాళ్ల కాలక్షేపం అనేవాళ్లకు బలం, ఒకే ఎద్దు బొమ్మ మళ్లీ మళ్లీ రావడం, ఈ అలవాటు వేర్వేరు కాలాల్లో తెగకుండా సాగడం. డైక్ నుంచి గొడ్డళ్ల రాయి తీసేవాళ్లు తమ చోటని గుర్తు పెట్టుకున్నారన్న ఆలోచన కూడా ఉంది. నాకు మూడోదాని మీద కాస్త మొగ్గు. పనిచేసే చోటా, బొమ్మల చోటా ఒకే రాయి కావడాన్ని మొదటి రెండూ సరిగ్గా వివరించవు. కానీ ఆ మొగ్గు కూడా ఊహే. వందల ఏళ్ల పాటు ఎందరో చెక్కిన వాటికి ఒకే కారణం ఉండి తీరాలన్న రూలేమీ లేదు.

క్వారీ వస్తే పోయేదేమిటి

డోలరైట్‌ను మార్కెట్లో బ్లాక్ గ్రానైట్ అని అమ్ముతారు, గిరాకీ బాగా ఉంటుంది. చుట్టూ ఉన్న గ్రానైట్‌ను కంకర కొడతారు. ఈ గుట్టల చుట్టూ క్వారీ పని సాగుతుండటాన్ని పరిశోధకులు చాలాకాలంగా ఎత్తిచూపుతున్నారు. 1958 నాటి కేంద్ర పురావస్తు చట్టం ప్రకారం రక్షిత స్థలానికి చుట్టూ 100 మీటర్ల వరకు నిషిద్ధ ప్రాంతం, దాని తర్వాత 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. 2010 సవరణ దీన్ని గట్టి చేసింది. అయితే ఆ గీత కేంద్రం రక్షిత స్థలంగా ప్రకటించిన చోటికే. మన గుట్టల మీది రాతి చెక్కడాల్లో చాలా వాటికి ఆ ప్రకటన లేదు.

క్వారీకి అడ్డొచ్చిన బొమ్మల బండను మ్యూజియానికి తరలిస్తే సరిపోతుందని కొందరంటారు. ఎద్దు బొమ్మ వరకు అది నిజమే. కానీ ఇప్పటిదాకా చూసిన ఆధారాల్లో దాదాపు అన్నీ బండ ఉన్న చోటుతో ముడిపడ్డవే. ఏ వైపు నీరు జారేది, దాని పక్క బండ మీద ఏముంది, గొడ్డళ్ల పెచ్చులు ఎంత దూరంలో పడ్డాయి అన్నవి బండతో పాటు లారీ ఎక్కవు. మోగే బండైతే కింద ఆనుకున్న రెండు మూడు రాళ్ల మీద నుంచి లేపిన రోజే మోగడం మానేస్తుంది. మ్యూజియం సిమెంటు దిమ్మె మీద దాన్ని మళ్లీ కొట్టి చూసి, ఇది ఒకప్పుడు మోగేదా అని తేల్చే వీలుండదు.